అన్న పేరున ఇచ్చిన రక్తం

"పైకి చదువు," అంది వదిన. "లోలోపల చదువుకుని మింగేస్తే కుదరదు. అందరం వినాలి."

చిన్నోడు కాగితం పట్టుకుని నిలబడ్డాడు. ముప్పై ఎనిమిదేళ్ళు వచ్చినా ఆ ఇంట్లో అతను చిన్నోడే. పదహారంతస్తుల మేడల్లో మొరాయించిన లిఫ్టుల్ని దారిలో పెట్టే మెకానిక్కి ఒక్క పేజీ ఉత్తరం చదవడానికి నోరు పెగలడం లేదు.

భోజనాల బల్ల మీద ఇంకో రెండు ఉత్తరాలున్నాయి. వాటి పక్కనే మాత్రల అట్టలు, రబ్బరు బ్యాండ్లు వేసిన కట్టలు కట్టలుగా. ఒక్క మాత్ర కూడా విప్పినట్టు లేదు. ఇస్త్రీకి వేద్దామని అన్నయ్య యూనిఫారాలు తీస్తుంటే బీరువా అడుగున దొరికాయట. వదిన వాటిని రెండు చేతులా ఎత్తుకొచ్చి బల్ల మీద కుమ్మరించి, కింది వాటాలో ఉన్న మరిదినీ తోడికోడల్నీ కేకేసి పిలిచింది. అప్పుడే పని నుంచి వచ్చిన చిన్నోడు బూట్లయినా విప్పకుండా పైకొచ్చాడు.

అన్నయ్య డ్యూటీ దిగి అప్పుడే వచ్చాడు. డ్రైవరు చొక్కా ఇంకా విప్పలేదు. కిటికీ దగ్గర వీధివైపు తిరిగి నిలబడ్డాడు.

చిన్నోడు గొంతు సవరించుకున్నాడు.

"'షుగరు కొత్తగా బయటపడినవారి మీద మేము చేస్తున్న పరిశోధనలో... మీ రక్తపరీక్షలు, బరువు, వయసు అన్నీ కలిపి చూస్తే మీరు మూడో గుంపులోకి వస్తున్నారు. ఈ గుంపువారి ఒంట్లో ఇన్సులిన్ తయారవుతుంది గాని ఒళ్ళు దాన్ని లెక్కచేయదు. షుగరు మరీ ఎక్కువగా కనిపించకపోయినా, మిగతా గుంపులవారికంటే మీకు కిడ్నీలు దెబ్బతినే ప్రమాదం ఎక్కువ. పాదాలు వాచినా, మూత్రంలో నురుగు కనిపించినా ఆలస్యం చేయక...'"

అక్కడ ఆగిపోయాడు.

అతని భార్య కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి వచ్చిన మనిషి. కొలతల టేపు మెడలో అలాగే వేలాడుతోంది. ఆమె చూపు కాగితం మీద లేదు, మొగుడి పాదాల మీద ఉంది.

"తేదీ చదవండి," అంది.

"రెండేళ్ళ కిందటిది."

"ఎవరి పేరున?"

"అన్నయ్య పేరున."

పేరు అన్నయ్యదే. రక్తం మాత్రం చిన్నోడిది. ఆ సంగతి ఇంతవరకూ అన్నదమ్ములిద్దరికే తెలుసు.

రెండేళ్ళ కిందట డిపోవాళ్ళు డ్రైవర్లందర్నీ పరీక్షలకి ఆస్పత్రికి పంపారు. షుగరు కొత్తగా బయటపడినవాళ్ళని అక్కడే పరిశోధనలో చేర్చుకుంటున్నారు. అన్నయ్యకి అప్పటికే ఆరేళ్ళుగా షుగరు. గుట్టుగా రోజుకి రెండుసార్లు ఇన్సులిన్ పొడుచుకునేవాడు. మాత్రలతో సరిపోయేవాణ్ణి ఏమీ అనరు గాని, ఇన్సులిన్ మీద ఉన్నవాణ్ణి బస్సు నడపనివ్వరు. "ఒక్కపూట నా బదులు వెళ్ళొచ్చెయ్యరా. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు," అన్నాడు తమ్ముడితో.

నాన్న పోయేనాటికి చిన్నోడికి తొమ్మిదేళ్ళు. చదువు మానేసి, బస్సులు కడిగి తనని పెంచిన మనిషి జీవితంలో మొదటిసారి నోరు తెరిచి ఒకటి అడిగాడు. కాదంటాడా? పరగడుపున వెళ్ళి, అన్నయ్య పేరు చెప్పి, త్రాసెక్కి, చెయ్యి చాపి వచ్చాడు. తర్వాత వారానికి అన్నయ్య "అంతా బాగానే వచ్చిందిరా" అన్నాడు. అంతటితో ఆ మాట మరిచిపోయారు. మరిచిపోయారనే చిన్నోడు అనుకున్నాడు. ఇప్పుడు ఆ సంగతంతా ఆడవాళ్ళిద్దరి ముందూ చెప్పేశాడు.

"అంటే," అంది అతని భార్య ఒక్కో మాటా కూడదీసుకుంటూ, "షుగరు ఈయనకుంది. రెండేళ్ళ నుంచీ ఉంది. ఆ సంగతి బావగారికి తెలుసు, మాకు తెలీదు."

చిన్నోడు కాగితం బల్ల మీద పెట్టేశాడు.

"అన్నయ్యా, ఇటు తిరుగు."

తిరగలేదు.

"తిరగమంటున్నానా!"

చిన్నోడు అన్నయ్య మీద గొంతెత్తడం అదే మొదలు. అన్నయ్య తిరిగాడు. బక్కపలచటి మనిషి. ఇన్సులిన్ మీద బతుకుతున్నా ఒంటికి పిడికెడు కండ పట్టలేదు. అన్నదమ్ములిద్దర్నీ కలిపి సగానికి కోస్తే ఇద్దరూ బాగుపడతారని వదిన ఎప్పుడూ నవ్వుతుండేది. ఇప్పుడామె నవ్వే స్థితిలో లేదు.

"చెబుదామనే అనుకున్నాన్రా. ప్రతి వారం అనుకున్నాను."

"వారం వారం రెండేళ్ళు అనుకుంటూనే ఉన్నావా?"

"నడవమని పోరలేదా? ఒళ్ళు తగ్గించమని ఎన్నిసార్లు చెప్పాను? నువ్వే నవ్వి కొట్టిపారేశావు."

నిజమే. సెలవు దొరికిన ప్రతి పొద్దున్నా అన్నయ్య కిందికొచ్చి తలుపు కొట్టేవాడు. "లేవరా కుంభకర్ణా, నాలుగడుగులు వేసొద్దాం," అనేవాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయినా అన్నయ్యకి నా మీద ఎంత ధ్యాస అని చిన్నోడు పక్కింటివాళ్ళ దగ్గర కూడా చెప్పుకుని మురిసిపోయాడు. ఇప్పుడు ఆ పొద్దులన్నీ ఒక్కొక్కటిగా గుర్తొచ్చి నోరు చేదవుతోంది.

"నడవమన్నావు. ఎందుకు నడవాలో చెప్పలేదు."

"చెబితే ఏమయ్యేదో నీకు తెలీదా? నా డ్రైవరు సీటు పోయేది."

చిన్నోడి భార్య ఒకడుగు ముందుకొచ్చింది. ఆ ఇంటికొచ్చాక బావగారి ఎదుట ఆమె కూర్చోవడానికి కూడా మొహమాటపడేది.

"ఉత్తరం మాట ఎత్తకపోయినా సరే బావగారూ. మీ పేరు బయటికే రానక్కర్లేదు. 'ఒకసారి షుగరు చూపించుకోరా' అంటే సరిపోయేదిగా! ఆ ఒక్క ముక్క అనడానికి ఏం అడ్డొచ్చింది?"

అన్నయ్య కుర్చీ వీపు పట్టుకున్నాడు.

"అదే ఆస్పత్రి," అన్నాడు చివరికి. "అదే నర్సు. వీణ్ణి చూడగానే గుర్తుపడుతుంది. ఇంతకుముందు వేరే పేరు చెప్పావు కదా అంటుంది."

"వేరే ఆస్పత్రి లేదా ఈ ఊళ్ళో?"

అన్నయ్య మళ్ళీ కిటికీ వైపు చూశాడు.

చిన్నోడు కుర్చీలో కూలబడి, ఒక బూటు విప్పాడు. తర్వాత మేజోడు లాగాడు. మేజోడు అంచు దిగిన చోట చీలమండ చుట్టూ లోతుగా గాడి పడి ఉంది. వేలితో నొక్కితే గుంట పడింది. వేలు తీసినా గుంట పూడలేదు.

"పోయిన చలికాలంలో బూట్లు పట్టడం లేదని ఎవరికి చెప్పాను?"

"ఒరేయ్..."

"ఎవరికి చెప్పాను? దీనికి కూడా చెప్పలేదు, కంగారు పడుతుందని. నీకే చెప్పాను. నువ్వేమన్నావు? 'నిలబడి చేసే పని కదరా, ఒక సైజు పెద్దవి కొనుక్కో,' అన్నావు. దగ్గరుండి కొనిపించావు కూడా."

అన్నయ్య తల వంచుకున్నాడు.

"పాదాలు వాస్తే ఆలస్యం చేయక రమ్మని ఇందులో రాసుంది. ఇది చదివిన కళ్ళతోనే నా పాదాలు చూశావు. చూసి, బూట్ల కొట్టుకి తీసుకెళ్ళావు."

వదిన నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఉత్తరాలు తెచ్చి పడేసిందే గాని, బూట్ల సంగతి ఆమెకీ తెలీదు.

అన్నయ్య కోపం ఆమె మీదికి మళ్ళింది. తమ్ముడి మొహం చూడలేని మనిషికి అదొక్కటే దారి దొరికింది.

"సంతోషమేనా? బీరువా తవ్వి, అందర్నీ పిలిచి పంచాయితీ పెట్టావు. అసలు నువ్వు నా భార్యవేనా?"

"మీ భార్యనే," అంది వదిన. "పోయిన నెల షుగరు పడిపోయి, డిపో గోడవారన ఒళ్ళంతా చెమటలు పోసి వణికిపోతూ మీరు కూర్చుంటే, క్యారేజీ పట్టుకొచ్చినదాన్ని పరిగెత్తుకొచ్చి నోట్లో పంచదార పోసింది నేనే. ఆ రోజు బండి ఇంకా కదల్లేదు కాబట్టి సరిపోయింది. కదిలుంటే? వెనక యాభైమంది కూర్చుంటారు. స్కూలు పిల్లలుంటారు."

"ఇన్నేళ్ళలో ఒక్కసారైనా స్టీరింగు మీద పడ్డానా?"

"పడేదాకా ఆగమంటారా?"

అన్నయ్య ఉన్నట్టుండి నేల మీద కూర్చుండిపోయి, రెండు చేతుల్లో మొహం దాచుకుని ఏడవడం మొదలుపెట్టాడు. నాన్న శవం దగ్గర కూడా ఏడవని మనిషి. పందొమ్మిదేళ్ళ కుర్రాడు ఆ రోజు తమ్ముణ్ణి భుజాన వేసుకుని నిలబడ్డాడే తప్ప కంట తడి పెట్టలేదు.

చిన్నోడికి తిట్టాలనుంది. దగ్గరికి లాక్కోవాలనీ ఉంది. రెండూ చేయలేక, విప్పిన మేజోడు చేతిలో నలుపుతూ కూర్చున్నాడు.

"రేపు పోదాం," అన్నాడు అన్నయ్య ముక్కు తుడుచుకుంటూ. "ఆస్పత్రికి. ఇద్దరం. రక్తం వీడిది, పేరు నాది అని నేనే చెబుతాను. సీటు పోతే పోనీ. గేటు దగ్గర కాపలా ఉంటాను, లేదంటే టిక్కెట్లు కోస్తాను. పొద్దున మొదటి ట్రిప్పు దింపేసి తొమ్మిదిన్నరకల్లా ఆస్పత్రి గేటు దగ్గరికొస్తాను. నువ్వేం తినకుండా రా."

లేచి వచ్చి తమ్ముడి తల మీద చెయ్యి వేశాడు.

"తినకుండా రా, మరిచిపోకు," అన్నాడు మళ్ళీ.

మెట్లు దిగుతుంటే చిన్నోడి భార్య అడిగింది. "నమ్మారా?"

"ఏడ్చాడు కదే. చూశావుగా."

"చూశాను. ఏడుపు నిజమే."

ఆమె కిందికొచ్చి మిషను ముందు కూర్చుంది గాని, చాలాసేపటి వరకూ చక్రం తిరిగిన చప్పుడు వినపడలేదు.

* * *

తొమ్మిదిన్నరయింది. పది కావొచ్చింది.

చిన్నోడు ఆస్పత్రి గేటు పక్కన నిలబడి వచ్చే ప్రతి బస్సునీ చూస్తున్నాడు. పనికి సెలవు చెప్పాడు. కడుపులో కాలుతోంది. మూడు ఉత్తరాలూ ప్లాస్టిక్ కవర్లో పెట్టుకున్నాడు. నాలుగుసార్లు ఫోను చేశాడు. మోగి మోగి ఆగిపోయింది. డ్రైవింగులో ఉన్నప్పుడు అన్నయ్య ఫోనెత్తడు. ట్రాఫిక్కులో ఇరుక్కున్నాడేమోనని తనకి తానే సర్దిచెప్పుకున్నాడు. ఆస్పత్రి గేటు దగ్గర కూడా అన్నయ్య తరఫున మాట్లాడటానికి అతనొక్కడే ఉన్నాడు.

పదీ పది దాటాక లోపలికి నడిచాడు.

పరిశోధన గది కింది అంతస్తులో నడవ చివర. ఒక త్రాసు, ఎత్తు కొలిచే కొయ్య, గోడ మీద అయిదు రంగుల పటం. బల్ల దగ్గర నర్సు. జుట్టు కాస్త నెరిసిందే గాని, అదే మనిషి. ఆమె మాత్రం అందర్నీ చూసినట్టే అతన్నీ చూసింది.

అతను ఉత్తరాలు ముందు పెట్టాడు. ఆమె మొదటిదాని మీదున్న నంబరు కంప్యూటర్లో కొట్టింది. మళ్ళీ కొట్టింది.

"మీరు ఈయన బంధువులా?"

"తమ్ముణ్ణి."

"ఆయన మీకు చెప్పలేదా? పొద్దున్నే వచ్చి వెళ్ళారు. నేను ఎనిమిదింటికి తలుపు తీసేసరికే బయట నిలబడి ఉన్నారు."

"వచ్చాడా?" చిన్నోడి మొహం విప్పారింది. "అన్నయ్య వచ్చాడా? అంతా చెప్పేశాడా?"

"ఏం చెప్పాలి? పరిశోధన నుంచి తప్పుకుంటానన్నారు. తన వివరాలు ఏవీ ఉంచొద్దన్నారు. దాచిన రక్తం కూడా పారేయమని సంతకం పెట్టారు. అది ఆయన హక్కు, మేం కాదనకూడదు."

చిన్నోడికి మాటలు వినపడుతున్నాయి. అర్థం మాత్రం ఆలస్యంగా, ఒక్కో మెట్టూ దిగుతూ వచ్చింది. ఎనిమిదింటికి. మొదటి ట్రిప్పు అని తనకి చెప్పిన వేళకి. తొమ్మిదిన్నర అన్నది అందుకా? తల మీద చెయ్యి వేసి, తినకుండా రమ్మన్నది అందుకా?

"పారేశారా?"

"లేబరేటరీకి అప్పుడే చీటీ పంపేశాను. ఈపాటికి పారేసుంటారు." ఆమె కాస్త తటపటాయించింది. "నాకే ఆశ్చర్యమేసింది. రికార్డులో తొంభై ఆరు కిలోలని ఉంది. ఎదురుగా చూస్తే అరవై కూడా ఉండరు. అడిగితే, తగ్గానమ్మా అన్నారు."

అంటూ ఆమె చిన్నోణ్ణి పైనుంచి కిందిదాకా చూసింది. ఈసారి చూపు అందర్నీ చూసినట్టు లేదు.

"నాకు పరీక్షలు చేయండి," అన్నాడతను. "నా పేరున."

ఆమె చేసింది. రక్తం తీసింది. త్రాసెక్కించింది. ముల్లు నూట రెండు దగ్గర నిలిచింది. మూత్రం సీసాలో చిన్న కాగితపు పట్టీ ముంచి, ఒక నిమిషం ఆగి, డబ్బా మీదున్న రంగుల పక్కన పెట్టి చూసింది. పసుపుపచ్చగా ఉండాల్సిన గడి ముదురాకుపచ్చకి తిరిగింది. దీపాలూ గుర్తులూ చూసి లిఫ్టుకి ఎక్కడ జబ్బుందో చెప్పగలిగే మనిషికి ఆ గడి ఏం చెబుతోందో ఎవరూ విడమరచనక్కర్లేకపోయింది.

"ప్రోటీన్ పోతోంది," అందామె మెల్లగా. "కిడ్నీ వడకట్టాల్సినదాన్ని వదిలేస్తోంది. ఎన్నాళ్ళుగా పోతోందో, ఎంత వేగంగా చెడుతోందో ఒక్క రోజు పరీక్షతో చెప్పలేం. రెండేళ్ళ కిందటి లెక్కలేమైనా ఉంటే పక్కన పెట్టి చూసేవాళ్ళం."

"ఉండేవి," అన్నాడు చిన్నోడు.

ఆమె అర్థంకానట్టు చూసింది. అతను గోడ మీది పటం వైపు తిరిగాడు.

"ఈ గుంపులేంటమ్మా?"

"ఒకప్పుడు పెద్దవాళ్ళకొచ్చే షుగరుని దాదాపు ఒకే గాటన కట్టేవాళ్ళం. ఇప్పుడు అయిదుగా విడదీసి చూస్తున్నాం. ఎవరికి ఏ అవయవం ముందు దెబ్బతింటుందో కనిపెట్టి, దాన్ని ముందే కాపాడుకోవచ్చని. రెండో గుంపువాళ్ళు బక్కగా ఉంటారు, ఇన్సులిన్ చాలదు. వాళ్ళకి కళ్ళ గురించి భయం. మూడో గుంపుకి కిడ్నీలు. చివరి రెండు గుంపులూ కొంచెం నెమ్మది."

"ఒకే ఇంట్లో అన్నదమ్ములు వేరే వేరే గుంపుల్లో ఉంటారా?"

"ఎందుకుండరు? తల్లీతండ్రీ ఒకరైనా ఒళ్ళు వేరు కదా."

చిన్నోడు తలూపాడు.

"ముందే తెలిస్తే ఏం చేసేవాళ్ళు?"

"మూడో గుంపువాళ్ళకా? కిడ్నీని కాపాడే మాత్రలు మొదలుపెట్టేవాళ్ళం. నెల నెలా ముందు మందుల కిటికీ దగ్గర చీటీ చూపిస్తే ఇచ్చేస్తారు."

రబ్బరు బ్యాండ్ల కట్టలు. అతను రెండు చేతులతో బల్ల అంచు పట్టుకున్నాడు. దాచిన ఉత్తరాన్ని భయం అనుకోవచ్చు. రెండేళ్ళు నోరు మూసుకోవడాన్ని పిరికితనం అనుకోవచ్చు. నెల నెలా ఆ మందుల కిటికీ దగ్గరికొచ్చి, తమ్ముడికి రావాల్సిన మాత్రలు చేత్తో అందుకుని, ఇంటికి తీసుకెళ్ళి, తమ్ముడి నెత్తి మీది వాటాలో, బీరువా అడుగున దాచిన మనిషిని ఏమనుకోవాలి? ఈ పొద్దున మళ్ళీ వచ్చి, మిగిలిన నాలుగు చుక్కలూ పారబోయించిన మనిషిని?

జేబులో ఫోను మోగింది. అన్నయ్య. ఇంతసేపూ ఎత్తనివాడు ఇప్పుడు చేస్తున్నాడు. చిన్నోడు దాని గొంతు నొక్కేశాడు.

నర్సు కొత్త ఫారం తీసింది. పేరు రాసింది. ఈసారి అతని పేరే. వయసు, పని, చిరునామా. ఇంటి నంబరు రాస్తూ బల్ల మీది పాత ఉత్తరం వైపు ఒకసారి చూసి, ఏమీ అనకుండా తర్వాతి ప్రశ్నకి వెళ్ళింది.

"మీ ఇంట్లో ఇంకెవరికైనా షుగరుందా?"

"మా అన్నయ్యకి."

"మాత్రలే కదా వాడుతున్నారు?"

తొమ్మిదేళ్ళ పిల్లవాణ్ణి భుజాన మోసిన మనిషి చిన్నోడి కళ్ళముందు నిలబడ్డాడు. ఆ వెనకే డిపో గోడవారన చెమటలు కక్కుతూ కూర్చున్న మనిషి. ఆయన వెనక యాభై సీట్లు.

"ఇన్సులిన్," అన్నాడు. "ఎనిమిదేళ్ళుగా."

పెన్ను ఆగింది.

"ఎనిమిదేళ్ళా? కొత్తగా బయటపడిందనే కదా మేం ఆయన్ని చేర్చుకుంది!" ఆమె పాత ఉత్తరాన్నీ అతని మొహాన్నీ మార్చి మార్చి చూసింది. తర్వాత లేచి వెళ్ళి, తలుపు దగ్గరగా వేసొచ్చి కూర్చుంది. "మీ అన్నయ్య ఏం పని చేస్తారు?"

ఫోను మళ్ళీ మోగింది. చిన్నోడు దాన్ని బయటికి తీసి, పేరు చూసి, బల్ల మీద బోర్లించాడు.

"రాసుకోండమ్మా," అన్నాడు.